ప్రెసిషనా, జాజ్ బేసా: ఆరుబయట స్టేజీ మీద ఏది నిలబడుతుంది?

మీరు శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతూ, ఆదివారాలు చర్చిలో, సీజన్‌లో ఆర్కెస్ట్రాతో బేస్ వాయిస్తున్నానని రాశారు. అరవైల నాటి తరహాలో ఇప్పుడు తయారవుతున్న బేస్ గిటార్ ఒకటి కొనాలి, ఫెండర్ కంపెనీ తెచ్చిన రెండు నమూనాల్లో ప్రెసిషన్ తీసుకోవాలా జాజ్ బేస్ తీసుకోవాలా, అసలు కింద కూర్చుని వినేవాళ్లకి ఆ తేడా తెలుస్తుందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. తేడా తెలుస్తుంది. మీరు వాయించే చోట్లకి ప్రెసిషన్ తీసుకోండి, దానికి ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైచుట్టు చదునుగా, నున్నగా ఉండేవి) వెయ్యండి.

నాది విజయనగరం. పెళ్లిళ్లకి, ఊరి అమ్మవారి పండగలకి, క్రిస్మస్ కార్యక్రమాలకి చాలా ఏళ్లుగా బేస్ వాయిస్తున్నాను. నా దగ్గర ఉన్నది ప్రెసిషన్ తరహాది. మా ట్రూపులో లీడ్ గిటార్ వాయించే స్నేహితుడి దగ్గర జాజ్ బేస్ తరహాది ఉంది. రెండూ ఒకే ఆంప్‌కి తగిలించి, ఒకరి చేతిలోంచి ఒకరం మార్చుకుని వాయిస్తుంటాం.

ఇంట్లో, తలుపులు వేసుకుని వింటే జాజ్ బేసే బాగుంటుంది. ఈ మాట నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. పైస్థాయి తేటగా ఉంటుంది, వేలు తీగని తాకిన చప్పుడు కూడా వినిపిస్తుంది, రెండు వాల్యూమ్ నాబ్‌లని కొంచెం అటూ ఇటూ తిప్పితే రంగులు మారిపోతాయి. దాని పక్కన ప్రెసిషన్ కాస్త మొద్దుగా, ఒకే మాట చెప్పే మనిషిలా అనిపిస్తుంది. కొట్లో పది నిమిషాలు వాయించి కొనేవాళ్లు జాజ్ బేస్ వైపు మొగ్గేది ఇందుకే.

స్టేజీ ఎక్కాక సంగతి తిరగబడుతుంది. ఆమదాలవలస వైపు ఒక ఊరి పండగలో సౌండ్ చెక్ జరుగుతుంటే నేను కిందకి దిగి, మైదానం చివర చెట్ల దాకా నడిచి విన్నాను. స్టేజీ మీద నా స్నేహితుడు రెండు గిటార్లూ మార్చి మార్చి అదే పల్లవికి అదే బేస్ లైను వాయించాడు. ప్యాడ్స్, కీబోర్డు, డోలక్ అన్నీ నడుస్తున్నాయి. జాజ్ బేస్ వాయిస్తున్నప్పుడు కింద ఏదో మోగుతోందని తెలుస్తోంది గానీ ఏ స్వరమో పట్టుకోలేకపోయాను. ప్రెసిషన్ పట్టుకోగానే స్వరం స్వరం విడిగా వినిపించింది. మిక్సర్ దగ్గరున్న కుర్రాడు ఏ నాబూ ముట్టుకోలేదు. పైగా నా దగ్గరికి వచ్చి, "గురూ, బేసు ఏమైనా పెంచారా?" అని అడిగాడు.

దీనికి కారణం ఉంది. అన్నిటికంటే లావుగా ఉండే నాలుగో తీగని ఖాళీగా మీటితే దాని మూల స్వరం సుమారు 41 హెర్ట్జ్. పండగలకి వచ్చే చాలా స్పీకర్లు అంత కిందకి సరిగ్గా దిగవు. అప్పుడు చెవి పట్టుకునేది ఆ స్వరం పైన ఉండే 82, 123, 164 హెర్ట్జ్ లాంటి అనుస్వరాలని (హార్మోనిక్స్‌ని). వాటిని బట్టే మెదడు కింది స్వరాన్ని పోల్చుకుంటుంది. ప్రెసిషన్ పికప్‌కి (తీగ కదలికని కరెంటుగా మార్చే భాగానికి) ఆ కింది మధ్యస్థాయిలోనే బలం ఎక్కువ. జాజ్ బేస్‌లో రెండు పికప్‌లు తీగ మీద రెండు వేర్వేరు చోట్ల నుంచి వింటాయి. రెండింటినీ పూర్తిగా తెరిస్తే మధ్యస్థాయిలో కొన్ని అనుస్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని తగ్గిపోతాయి. గదిలో ఆ ఖాళీయే తీయగా, తేటగా అనిపిస్తుంది. మైదానంలో ఆ ఖాళీలోకి కీబోర్డు ఎడమ చెయ్యి, డోలక్ వచ్చి కూర్చుంటాయి.

మీరు జాజ్ బేసే కొనాలని నిశ్చయించుకుంటే స్టేజీ మీద మెడ వైపున్న ముందు పికప్ పూర్తిగా తెరిచి, వెనక పికప్ కొద్దిగా తగ్గించండి. మధ్యస్థాయి చాలావరకు తిరిగొస్తుంది. కానీ ఇక్కడే ఇంకో చిక్కు, హమ్మింగ్, అంటే కరెంటు రొద. జాజ్ బేస్‌లో ఉన్నవి రెండు సింగిల్ కాయిల్‌లు, అంటే ఒక్కో రాగి చుట్టే ఉన్న పికప్‌లు. రెండూ సమానంగా తెరిచి ఉన్నప్పుడు ఒకదాని రొదని ఇంకొకటి రద్దు చేస్తుంది. ఒకదాన్ని తగ్గించగానే రొద మొదలవుతుంది. పందిట్లో సీరియల్ సెట్లు, జనరేటరు, సరిగ్గా లేని ఎర్తింగ్ ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. నాలుగో తీగ మూడో ఫ్రెట్ (మెడ మీది మెట్టు) మీద పలికే జీ స్వరం 49 హెర్ట్జ్. అంటే ఆ రొద సరిగ్గా మన వాయిద్యం ఇంట్లోనే, అదీ శృతికి పిసరంత పైన కూర్చుంటుంది. జీ మేజర్ పాట నెమ్మదిగా నడుస్తుంటే దాన్ని భరించడం నా వల్ల కాదు. 1957 నుంచి ప్రెసిషన్‌కి వేస్తున్న స్ప్లిట్ కాయిల్‌లో పికప్ రెండు ముక్కలుగా ఉండి, రెండూ కలిసి ఎప్పుడూ రొదని రద్దు చేస్తూనే ఉంటాయి. 1951లో లియో ఫెండర్ తెచ్చిన మొదటి ప్రెసిషన్‌కి ఉన్నది ఒక్క సింగిల్ కాయిలే. ఇప్పటికీ "యాభైల తరహా" పేరుతో అలాంటి పికప్‌తో కొన్ని మోడళ్లు వస్తున్నాయి. చూడ్డానికి చాలా అందంగా ఉంటాయి, మన పందిళ్లకి మాత్రం వద్దు.

జాజ్ బేస్ 1960లో వచ్చింది. దాంట్లో కూడా అరవైల తరహా, డెబ్బైల తరహా అని రెండు అమ్ముతారు. డెబ్బైల తరహాలో వెనక పికప్ బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) వైపు సుమారు ఒక సెంటీమీటరు జరిగి ఉంటుంది. శబ్దం ఇంకా పదునుగా, ఇంకా పలచగా వస్తుంది. బొటనవేలితో కొట్టి వాయించేవాళ్లకి అది ప్రాణం.

చేతికి తగిలే తీరు మీద మీరు ఏమీ అడగలేదు గానీ, నా లెక్కలో అది శబ్దమంత ముఖ్యం. రెండింటికీ తీగ పొడవు 34 అంగుళాలే. మెడ మాత్రం వేరు. జాజ్ బేస్ మెడ నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర సుమారు 38 మిల్లీమీటర్లు, ప్రెసిషన్‌ది మోడల్‌ని బట్టి 41 నుంచి 44 దాకా ఉంటుంది. వినడానికి చిన్న తేడా. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి ఒంటిగంట దాకా వాయించాక ఎడమ చేతి బొటనవేలి మొదట్లో తెలుస్తుంది. మీ చెయ్యి చిన్నదైతే 41 ఉన్న ప్రెసిషన్ వెతుక్కోండి. ప్రెసిషన్ మెడ మీద జాజ్ పికప్‌లు, జాజ్ మెడ మీద ప్రెసిషన్ పికప్ ఉన్న మోడళ్లు కూడా దొరుకుతాయి. రెండోది చిన్న చేతుల వాళ్లకి నేను ధైర్యంగా చెబుతాను. బరువు నాలుగు కిలోల లోపు ఉంటే మీ భుజానికి మంచిది.

తీగల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. పాత రికార్డుల్లో మనం వినే ఆ గుండ్రటి శబ్దంలో సగం ఫ్లాట్‌వౌండ్ తీగలదే. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకి వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్‌కి ఫ్లాట్‌వౌండ్ వేసి, బ్రిడ్జ్ దగ్గర తీగల కింద స్పాంజి పెట్టి, కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితో వాయించేవాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదని చెబుతారు. అటువైపు ఇంకో అమెరికన్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్‌ని వినండి. ఫ్రెట్లు తీసేసిన జాజ్ బేస్, రౌండ్‌వౌండ్ తీగలు (గుండ్రటి తీగ చుట్టినవి, పైన గాడులు ఉంటాయి), వెనక పికప్. బేస్ గిటార్ పాడినట్టు ఉంటుంది. ఇద్దరినీ ఒకే రోజు హెడ్‌ఫోన్స్‌లో వింటే మీ మనసు ఎటు లాగుతోందో మీకే తెలుస్తుంది. ఆ తర్వాత ఎనభైల నాటి ఇళయరాజా పాటలు పెట్టుకుని బేస్ ఒక్కటే పట్టుకుని వినండి. పాటకి రెండో రాగంలా నడిచే ఆ లైన్లు మన ఆర్కెస్ట్రాల్లో రోజూ వాయించేవే కదా.

మన వాతావరణానికి కూడా ఫ్లాట్‌వౌండే మేలు. సముద్రపు గాలి, చెమట కలిస్తే రౌండ్‌వౌండ్ గాడుల్లో మురికి చేరి, మెరుపు త్వరగా పోతుంది. కళింగపట్నం, భీమిలి వైపు ప్రోగ్రాములకి వెళ్లొచ్చాక పొడి గుడ్డతో తుడవకపోతే తుప్పు చుక్కలు కనిపిస్తాయి. ఫ్లాట్‌వౌండ్ నున్నగా ఉంటుంది కాబట్టి తుడవడం తేలిక, ఫ్రెట్లు కూడా అంతగా అరగవు. వేలు జారినప్పుడు కీచుమనే చప్పుడు ఉండదు. చాలా సెట్లకి లాగుడు కాస్త ఎక్కువ కాబట్టి కొత్తగా వేశాక మెడ ముందుకి వంగితే ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండే కడ్డీ) సరిచేయించుకోవాలి.

ట్రస్ రాడ్ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. పాత పద్ధతిని అచ్చంగా పాటించే మోడళ్లలో ఆ కడ్డీని బిగించే నట్టు మెడ అడుగున, బాడీ లోపల ఉంటుంది. తిప్పాలంటే మెడ ఊడదీయాలి. వానాకాలానికి, ఎండాకాలానికి మెడ కదిలిపోయే మన దగ్గర అది పెద్ద టెన్షన్. తల వైపు నుంచి తిప్పే వీలున్నదే తీసుకోండి. అచ్చం పాతదానిలా లేకపోయినా ఫరవాలేదు.

చెక్క గురించి కూడా అడుగుతారని నాకు తెలుసు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ ఒక్కటే తొలిచి వీణ చేస్తారు. ఆ చెక్కే కంపించి, లోపలి గాలిని కదిలించి మనకి వినిపిస్తుంది కాబట్టి అక్కడ చెక్క ప్రాణం. బేస్ గిటార్ బాడీ గట్టి దిమ్మ. తీగ కదలికని పికప్‌లో ఉన్న అయస్కాంతం, రాగి చుట్ట కరెంటుగా మారుస్తాయి. ఆల్డర్ బాడీయా, యాష్ బాడీయా అని అమ్మేవాళ్లు చెప్పేదాని మీద అదనపు డబ్బు పెట్టకండి. మెడ గట్టిదనం మాత్రం చూడాలి. ఈ తరహా గిటార్లలో ఒకటో తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఎక్కడో ఒక స్వరం తొందరగా చచ్చిపోతుంటుంది. కొనే ముందు అక్కడ ఒక్కో స్వరాన్నీ మీటి, ఎంతసేపు మోగుతుందో వినండి. ఆంప్ ఆపేసి కూడా ఒకసారి వినండి.

వయొలిన్ ఆకారంలో ఉండే హాఫ్నర్ తరహాది కూడా మీ జాబితాలో ఉందన్నారు. తీగ చిన్నది, బరువు తక్కువ, ధ్వని ముద్దుగా ఉంటుంది. కానీ లోపల డొల్ల కాబట్టి పెద్ద మానిటర్ల ముందు ఫీడ్‌బ్యాక్ వస్తుంది. చర్చికి సరిపోతుంది, పండగ స్టేజీకి కాదు.

వీలైతే విశాఖ వెళ్లి, చేతిలో పట్టుకుని చూసి కొనండి. టోన్ నాబ్ సగానికి తిప్పి, పక్కన ఫోన్‌లో ఏదైనా పాట పెట్టి దానితో కలిపి వాయించి చూడండి. ఒంటరిగా వాయించి తేల్చుకోకండి. ఫ్లాట్‌వౌండ్ సెట్ తీసుకునేటప్పుడు ప్యాకెట్ మీద లాంగ్ స్కేల్ అని ఉందో లేదో చూసుకోండి. షార్ట్ స్కేల్‌ది ఈ గిటార్లకి పొడవు చాలదు.