మీ స్థలం, మీ సందేహం: ఈసారి అన్నీ మాస్టర్ ప్లాన్ ఉత్తరాలే

విజయనగరం చుట్టుపక్కల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే దారి పట్టాయి. భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని రోడ్డెక్కితే చాలు, జెండాలు పాతిన లేఅవుట్లే. దానికి తోడు రూల్స్ మారాయట, మాస్టర్ ప్లాన్‌లో (ఎక్కడ ఇళ్లు, ఎక్కడ పొలాలు, రోడ్డు ఎటు అని ముందే గీసిన మ్యాపు) జోన్లు మారుతున్నాయట అని రోజుకో మాట. కొన్ని ఉత్తరాలు మరీ పొడుగ్గా ఉంటే కుదించాం, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: ధర్మపురి వైపు 150 గజాల ప్లాటు కొన్నాం. రిజిస్ట్రేషన్ అయింది, ఖాళీ స్థలం పన్నూ కడుతున్నాం. ఇప్పుడు ఇల్లు కట్టుకుందామని ప్లాన్ పెడితే, మాస్టర్ ప్లాన్‌లో 60 అడుగుల రోడ్డు మా ప్లాటు మీదుగా పోతోందన్నారు. రిజిస్ట్రేషన్ రోజున ఎవరూ ఈ మాట చెప్పలేదు. మా డబ్బు పోయినట్టేనా?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: అమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకోండి, డబ్బు మొత్తం పోయినట్టేమీ కాదు. రిజిస్ట్రార్ ఆఫీసులో చూసేది వేరు, టౌన్ ప్లానింగ్ వాళ్లు చూసేది వేరు. అమ్మేవాడు ఎవరు, కొనేవాడు ఎవరు, స్టాంపు డ్యూటీ కట్టారా, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో (అదే, అందరూ 22ఎ అంటారు) ఉందా అనేది అక్కడ చూస్తారు. మీ స్థలం ఏ జోన్‌లో ఉంది, దాని మీదుగా రోడ్డు గీత పోతోందా అనేది అక్కడ ఎవరూ అడగరు, మీరూ అడగలేదు, అమ్మినవాడు అడిగినా చెప్పడు. పన్ను కట్టినంత మాత్రాన ప్లాన్ వస్తుందన్న హామీ కూడా లేదు. పన్ను వసూలు చేసే సెక్షన్‌కి మాస్టర్ ప్లాన్‌తో పనే లేదు మరి.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే, రోడ్డు మీ ప్లాటులో ఎంత తింటోందో కాగితం మీద తేల్చుకోవడం. "మీ ప్లాటు పోతుంది" అని నోటిమాటగా ఎవరన్నా అంటే నమ్మకండి. మీ సర్వే నంబరుకి మాస్టర్ ప్లాన్ పార్ట్ స్కెచ్ కావాలని, ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ కావాలని అర్జీ పెట్టండి. విజయనగరం టౌన్ వీఎంఆర్‌డీఏ (విశాఖ, విజయనగరం ప్రాంతాల మాస్టర్ ప్లాన్ చూసే సంస్థ) పరిధిలో ఉంది కాబట్టి అక్కడా, కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లోనూ అడగాలి. ఒక లెక్క చెప్తాను. మీ ప్లాటు 30 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు అనుకుందాం, సరిగ్గా 150 గజాలు. రోడ్డు లోతులో 10 అడుగులు తీసుకుంటే మీకు 30 x 35 మిగులుతుంది, అంటే సుమారు 117 గజాలు, దాంట్లో ఇల్లు హాయిగా పడుతుంది. అదే 30 అడుగులు పోతే మాత్రం మిగిలేది ఒక షాపు గది, అప్పుడు ఆలోచన వేరే ఉండాలి.

రోడ్డుకి పోయే ముక్కను మీరు ఉచితంగా రాసిస్తే, 2017 నాటి ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ (జీవో 119) ప్రకారం మిగిలిన స్థలంలో ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్ విషయంలో సడలింపు అడగొచ్చు, లేదా టీడీఆర్ బాండు తీసుకోవచ్చు. బాండంటే డబ్బు కాదు, ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు, దాన్ని బిల్డర్‌కి అమ్ముకోవచ్చు. విశాఖలో అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ల దగ్గర దానికి గిరాకీ ఉంటుంది గానీ, ఇంత చిన్న ముక్కకి వచ్చే బాండు పట్టుకుని తిరగడం కంటే సెట్‌బ్యాక్‌లో రెండడుగులు కలిసొస్తే మీకు మేలని నా ఉద్దేశం. సగానికి పైగా పోతుంటే మాత్రం రోడ్డు గీతను కాస్త జరపమని రాతపూర్వకంగా అడగండి. ఎలా అడగాలో కింద నెల్లిమర్ల మాస్టారికి రాశాను, చూడండి.

ప్రశ్న: లేఅవుట్‌లో రోడ్లు 40 అడుగులు ఉండక్కర్లేదు, 30 చాలు అని రూల్ మార్చారట కదా. మా పాత లేఅవుట్‌లో 40 అడుగుల రోడ్డుంది. ఎదురింటాయన అయిదడుగులు ముందుకు జరిగి ప్రహరీ కడతానంటున్నాడు, కొత్త రూల్ ప్రకారం తప్పు లేదంటున్నాడు.
– కంటోన్మెంట్ పాఠకుడు

జవాబు: మీ ఎదురింటాయన తెలివికి దండం పెట్టాలి. 2017 లేఅవుట్ రూల్స్‌లో (జీవో 275) లోపలి రోడ్ల కనీస వెడల్పు 12 మీటర్లు ఉండేది, 2025 మొదట్లో దాన్ని 9 మీటర్లకి తగ్గించిన మాట నిజమే. అది కొత్తగా అప్రూవల్‌కి పెట్టే లేఅవుట్లకి. అప్రూవ్డ్ లేఅవుట్‌లో రోడ్లూ పార్కు స్థలమూ గిఫ్ట్ డీడ్ రాసి మున్సిపాలిటీకి ఇచ్చేసినవి. ఆ 40 అడుగులూ ఇప్పుడు ఆయనవీ కావు, మీవీ కావు. మీ లేఅవుట్ ప్లాన్ కాపీ తీసి వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీకి ఇవాళే ఇవ్వండి, పునాది తీశాక ఇస్తే గొడవ పెద్దదవుతుంది.

అడక్కపోయినా ఒక మాట. ఈ తగ్గింపు వల్ల చిన్న లేఅవుట్లు వేసేవాళ్లకి అమ్ముకునే స్థలం పెరిగింది, అది వాళ్లకి లాభమే. కానీ 9 మీటర్ల రోడ్డులో రెండు పక్కలా కార్లు పెడితే మధ్యలో ఫైరింజన్ ఎలా తిరుగుతుందో నాకైతే అర్థం కావడం లేదు. మన ఊళ్లో మూడు లాంతర్ల దగ్గర సాయంత్రం ఆరింటికి నిలబడి చూడండి, ఇరుకంటే ఏమిటో తెలుస్తుంది.

ప్రశ్న: చెరువుని ఆనుకుని ప్లాటు చవగ్గా వస్తోంది. బ్రోకరు "ఇది పట్టా భూమే, చెరువులో లేదు" అంటున్నాడు. ఎల్‌ఆర్ఎస్ (అనుమతి లేని ప్లాట్లను ఫీజు కట్టి క్రమబద్ధం చేసుకునే పథకం) కట్టేస్తే సరిపోతుందంటున్నాడు. కొనమంటారా?
– ప్రైవేటు ఉద్యోగి, చీపురుపల్లి

జవాబు: కొనొద్దు తమ్ముడూ.

పట్టా భూమి అయినంత మాత్రాన కట్టుకోనివ్వరు. చెరువు నిండా నీళ్లున్నప్పుడు అంచు ఎక్కడిదాకా వస్తుందో అక్కడి నుంచి బఫర్ లెక్కపెడతారు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకి 9 మీటర్లు వదలాలి. నది అయితే మున్సిపాలిటీ హద్దుల లోపల 50, బయట 100 మీటర్లు, అంటే చంపావతి పక్కనైనా నాగావళి పక్కనైనా ఇదే లెక్క. ఆ మేర పార్కో దారో వేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టనివ్వరు. ఇక బ్రోకరు మిమ్మల్ని ఏ నెలలో తీసుకెళ్లి చూపించాడో గుర్తు తెచ్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో చెరువంతా బీటలు వారి ఉంటుంది, గేదెలు మేస్తుంటాయి, అది చూసి నీళ్లు ఇంత దూరం ఎక్కడొస్తాయిలే అనిపిస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక అదే గట్టు మీద నిలబడితే ఏం కనిపించిందో ఆ ఊళ్లో ముసలాయన ఎవరినన్నా అడగండి, ఏ సర్వేయరూ అంత బాగా చెప్పడు.

ఎల్‌ఆర్ఎస్ సంగతి కూడా చెప్తాను. 2020లో తెచ్చిన పథకాన్నే గడువు తేదీ జరిపి 2025లో మళ్లీ తెరిచారు, 2025 జూన్ 30కి ముందు రిజిస్ట్రేషన్ అయిన ప్లాట్లకి. మీరు ఇప్పుడు కొంటే మీ దస్తావేజు తేదీ దానికి పనికిరాదు. అమ్మేవాడి పేరున పాత దస్తావేజు ఉన్నా, చెరువు బఫర్‌లోని ప్లాటునీ మాస్టర్ ప్లాన్ రోడ్డు పోయే ప్లాటునీ రెగ్యులరైజ్ చెయ్యరు. నిజంగా అంత సులువైతే అమ్మేవాడే ఎల్‌ఆర్ఎస్ కట్టి ఇంకో రెండు లక్షలు ఎక్కువకి అమ్ముకునేవాడు కదా.

ప్రశ్న: లేఅవుట్ వాళ్లు "ఎల్పీఎం నంబరు ఉంది, నాలా గొడవ కూడా లేదు" అంటున్నారు. ఇంకేం చూసుకోవాలి?
– గజపతినగరం నుంచి

జవాబు: అసలైనవే చూసుకోవాలి. ఎల్పీఎం అనేది రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ఇచ్చిన భూమి నంబరు. పొలానికైనా ఉంటుంది, శ్మశానానికైనా ఉంటుంది. మీరు అడగాల్సింది ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అప్రూవల్ నంబరు. రెండూ వినడానికి దగ్గరగా ఉండేసరికి కొందరు హాయిగా వాడేసుకుంటున్నారు.

నాలా చట్టం, అంటే వ్యవసాయ భూమిని వేరే అవసరాలకి మార్చుకునే చట్టం, 2006 నాటిది, దాన్ని 2025లో ఎత్తేశారు, దాని బదులు డెవలప్‌మెంట్ చార్జీ పెట్టారు. అంతేగానీ జోన్ అక్కర్లేదని ఎవరూ అనలేదు. మ్యాపులో ఆ భూమి వ్యవసాయ జోన్‌లోనే ఉంటే ఇళ్ల లేఅవుట్‌కి అప్రూవల్ రాదు, ముందు జోన్ మార్పించుకోవాలి. ఎల్పీ నంబరు చేతికొచ్చాక కూడా లేఅవుట్ ప్లాన్ పట్టుకుని వెళ్లి చూడండి: 10 శాతం ఖాళీ స్థలం వదిలారా, మీకు చూపిస్తున్న ప్లాటు తనఖాలో ఉందా అని. రోడ్లూ కాలవలూ వేస్తామన్న హామీకి కొన్ని ప్లాట్లు తనఖా పెట్టించుకుంటారు. పని పూర్తయ్యాక గానీ వాటిని విడుదల చెయ్యరు. అవి ముందే అమ్మేసేవాళ్లు లేకపోలేదు.

ప్రశ్న: మా వీధి వెనక మామిడితోట ఇన్నాళ్లూ వ్యవసాయ జోన్. దాన్ని పరిశ్రమల జోన్‌గా మారుస్తున్నామని పేపర్లో చిన్న ప్రకటన పడింది. వీధి వాళ్లమంతా సంతకాలు పెట్టి ఇవ్వాలనుకుంటున్నాం. ఇస్తే ఎవరైనా చదువుతారా? అంతా ముందే అయిపోయి ఉంటుందని మావాళ్లు నిరుత్సాహపరుస్తున్నారు.
– రిటైర్డ్ టీచర్, నెల్లిమర్ల

జవాబు: మాస్టారూ, ముందు ఆ ప్రకటన చదివినందుకు మీకు నమస్కారం. పేపర్లో లోపలి పేజీలో చీమంత అక్షరాలతో పడుతుంది: ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, తూర్పున ఫలానా, పడమర ఫలానా అంటూ. దాన్ని చదివేవాళ్లు ఊరికి ఇద్దరుంటే గొప్ప. తీరా షెడ్డు లేచి మిషన్ తిరగడం మొదలయ్యాక మాత్రం వీధంతా ఆఫీసు ముందుంటుంది. అప్పటికి చేసేదేముంది? జోన్ మారిపోయాక షెడ్డుకి పర్మిషన్ ఇవ్వడంలో తప్పు లేదు, అది రూల్ ప్రకారమే. మీకు గొడవ చేసే హక్కు ఉన్నది ఇప్పుడే, ముసాయిదాగా ఉన్న ఈ కొన్ని రోజులే. ఇలాంటి ప్రకటనలకి సాధారణంగా 15 రోజులు గడువిస్తారు, మీ ప్రకటనలో ఎంత రాశారో చూసి ఆ తేదీకి రెండు రోజుల ముందే ఇచ్చెయ్యండి.

ఎవరికివ్వాలన్నది కూడా ప్రకటనలోనే ఉంటుంది. అందరూ వీఎంఆర్‌డీఏకే పరిగెత్తకండి. బొబ్బిలి వైపు ఊళ్లకి బుడా, శ్రీకాకుళం వాళ్లకి సుడా అని అలాంటి సంస్థలే వేరే ఉన్నాయి.

సంతకాల కాగితం ఇవ్వండి గానీ అదొక్కటే ఇవ్వకండి. "మేమంతా వ్యతిరేకిస్తున్నాం" అని రాసి కింద నలభై సంతకాలు పెడితే చదివేవాడికి తెలిసేది మీకు కోపం వచ్చిందని మాత్రమే. ఆ తోటకి ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్లు ఎవరికి వాళ్లు విడిగా రాయాలి. మా సర్వే నంబరు ఇది, ఇంటి పన్ను రసీదు ఇది, ఫలానా సంవత్సరం నుంచి కాపురముంటున్నాం, మా గోడకీ ఆ తోటకీ మధ్య దూరం ఇన్ని అడుగులు, ఆ తోటలోకి లారీ రావాలంటే మా 20 అడుగుల వీధిలోంచే రావాలి, వీధిలో బడి ఉంది, మా బావులన్నీ ఆ పల్లంలోనే ఉన్నాయి, ఇలా. లారీ వెడల్పూ వీధి వెడల్పూ కొలిచి ఫొటో జత చేస్తే ఇంకా మంచిది. చివర్లో ఏం కావాలో కూడా రాయండి: మార్పే వద్దా, లేక ఇళ్ల వైపు ఖాళీ పట్టీ వదిలి దారి హైవే వైపు నుంచి పెడితే ఒప్పుకుంటారా. అన్నీ వద్దనేవాడి కంటే ఇలా ఇది చెయ్యండి అనేవాడి కాగితం ఫైల్లో కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, వాళ్లు దానికి జవాబు రాసుకోవాల్సి వస్తుంది కాబట్టి. ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీ, ముద్ర వేసిన నకలు తీసుకోవడం మరవద్దు, రేపు కోర్టుకి వెళ్లాల్సి వస్తే ముందు అడిగేది అదే.

ఇక చదువుతారా అన్నారు. విశాఖ, విజయనగరం కలిసిన 2041 మాస్టర్ ప్లాన్ ముసాయిదా 2021లో పెట్టినప్పుడు అభ్యంతరాలు వెల్లువెత్తాయి, అదే ఏడాది ప్లాన్‌కి ఆమోదమూ వచ్చింది, తర్వాత ప్రభుత్వం మారాక దాన్ని మళ్లీ సవరించే పనికి దిగారు. అంటే ఏ మ్యాపూ రాతి మీద చెక్కింది కాదు. మీ కాగితం పెడితే ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను, పెట్టనివాళ్ల మాట మాత్రం ఎవరూ వినరు, వినడానికి ఫైల్లో ఏమీ ఉండదు.

ప్రశ్న: ఇప్పుడు సెల్ఫ్ సర్టిఫికేషన్ వచ్చింది కదా, మా ప్లాన్ గీసే ఇంజనీరు "నేను సంతకం పెడతాను, ఆన్‌లైన్‌లో ప్లాన్ వచ్చేస్తుంది, సెట్‌బ్యాక్ నేను చూసుకుంటా" అంటున్నాడు. నమ్మొచ్చా?
– కొత్తవలస

జవాబు: ఆన్‌లైన్‌లో త్వరగా వస్తుందన్నది నిజం, ఆఫీసు చుట్టూ తిరిగే పని తగ్గింది, అది మంచి మార్పే. అయితే ఆయన సంతకం కిందే మీ సంతకమూ ఉంటుంది. కొలతలు తప్పని తర్వాత తేలితే ఆయన లైసెన్సుకి ముప్పే గానీ, నోటీసు అంటించేది మీ గేటుకి. పునాది ముగ్గు పోసిన రోజున టేపు మీరే పట్టుకుని, డౌన్‌లోడ్ చేసిన ప్లాన్ కాగితంతో నాలుగు వైపులా కొలిచి చూసుకోండి. "ఒక్క అడుగే కదా" అన్నాడంటే ఆ రోజు కాంక్రీట్ వెయ్యనివ్వకండి.