తప్పెటగుళ్ల రికార్డింగ్‌కి ఎంపీ3, ఏఏసీ, ఓపస్‌లలో ఏది మేలు?

విజయనగరం దగ్గర పల్లెలో రికార్డు చేసిన తప్పెటగుళ్లను (తప్పెట కొడుతూ, గజ్జెలు కట్టి ఆడే జానపద కళ) 128 కేబీపీఎస్ (బిట్‌రేట్, అంటే సెకను ధ్వనికి వాడే కిలోబిట్లు) ఎంపీ3గా మారిస్తే గజ్జెల మోత అలికేసినట్టు వస్తోందని, ఏ ఫార్మాట్ వాడాలని అడిగారు.

తప్పు మీ మైకుది కాకపోవచ్చు. ఈ ఫార్మాట్లన్నీ చెవి పట్టుకోలేదనుకున్న శబ్దాన్ని వదిలేసి సైజు తగ్గిస్తాయి. అందుకోసం ధ్వనిని చిన్న ముక్కలుగా కోసి లెక్కగడతాయి. తప్పెట మీద దెబ్బ ముక్క మధ్యలో పడిందనుకోండి, లెక్కలో వచ్చిన పొరపాటు ముక్కంతా పరుచుకుంటుంది. అంటే దెబ్బ కంటే ముందే సన్నగా బుసలాంటిది వినిపిస్తుంది. దీన్నే ప్రీ-ఎకో అంటారు. తప్పెటా గజ్జెలూ కలిసి మోగితే ఇక చెప్పేదేముంది! పైగా 128లో చాలా ఎన్‌కోడర్లు (ఫైల్‌ని కుదించే సాఫ్ట్‌వేర్లు) 16 కిలోహెర్ట్జ్ పైన ఉన్న బాగా సన్నని శబ్దాలన్నీ కోసేస్తాయి.

1997లో వచ్చిన ఏఏసీ ఇలాంటి చోట ఎంపీ3 కన్నా చిన్న ముక్కలకు మారగలదు. 2012 నాటి ఓపస్ తక్కువ బిట్‌రేట్‌లో ఇంకా బాగుంటుంది. వాట్సాప్ వాయిస్ నోట్ కూడా ఓపసే, కానీ అది మాటల కోసం బాగా కుదించింది; దాన్ని విని ఓపస్‌ని తీసిపారేయకండి.

నేనైతే ఓపస్ 128 పెడతాను. పాత పెన్‌డ్రైవ్ ప్లేయర్లకు మాత్రం ఎంపీ3 256. రెండూ అసలు వేవ్ ఫైల్ (కుదించని రికార్డింగ్) నుంచే చేయండి, ఎంపీ3ని ఓపస్‌గా మారిస్తే పోయింది తిరిగి రాదు.

పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టి, ఏ ఫైలో చెప్పకుండా ఇంట్లో ఎవరిచేతైనా వేయించుకోండి. ఏఏసీ 192 దగ్గరే నాకు అసలుదేదో తెలియలేదు, అదీ మంచి ఇయర్‌ఫోన్లతో.