మైక్రోవేవ్‌లో నిప్పురవ్వలా? ముందు మైకా షీట్ చూడండి

స్టీలు గిన్నె పెట్టకపోయినా, గాజు బౌల్‌లో పప్పు వేడి చేస్తుంటే లోపల చిటపటమని రవ్వలు వస్తున్నాయన్నారు కదండీ. ముందు ఓవెన్ ఆపి ప్లగ్ తీసేయండి. బాగయ్యేదాకా వాడకండి.

తలుపు తీసి లోపలి గోడ మీద మైకా షీట్ చూడండి, ఎక్కువగా కుడివైపే ఉంటుంది. అట్టముక్కలా కనిపించే పలుచటి షీట్ అది. మైక్రోవేవ్ తరంగాలు లోపలికి వచ్చే దారికి మూత. పప్పు, పోపు నూనె చింది దానిమీద ఎండిపోతే, ఆ మరకే మాడి బొగ్గవుతుంది. రవ్వలు లేచేది అక్కడే. ఊరికే జిడ్డయితే తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. నల్లగా మాడినా, చిల్లు పడినా మార్చాల్సిందే. మోడల్ నంబర్ చెప్పి సరిపోయేదే తీసుకోండి. గోడ పెయింటు లేచి లోహం బయటపడితే మాత్రం మెకానిక్‌ని పిలవండి.

ఒక్కమాట గట్టిగా చెబుతున్నా: బయటి డబ్బా మీరు అస్సలు విప్పొద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత ఛార్జ్ నిలిచి ఉండొచ్చు.

బంగారు అంచు పింగాణీ ప్లేట్లతోనూ రవ్వలు వస్తాయి, అవీ వద్దు. ఇకమీదట పప్పు పెట్టినప్పుడల్లా మైక్రోవేవ్‌కి పనికొచ్చే మూత వేయండి, ఆవిరి పోవడానికి కాస్త సందు వదిలి.