ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయ గిరిజనులకు ప్రభుత్వం ఏమీ చేయలేదా?

చేసింది, కానీ ఒకచోట ఇచ్చి ఇంకోచోట లాగేసుకుంది. భద్రాచలం ఏజెన్సీలో ఈ పిల్లల బడిలో కొన్నేళ్లు పనిచేశాను, చూసినంత చెబుతాను.

2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో సల్వాజుడుం (మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ ఉద్యమం) మొదలయ్యాక ఊళ్లు తగలబడ్డాయి. అటు జుడుం, ఇటు మావోయిస్టులు. మధ్యలో నలిగినవాళ్లు సరిహద్దు దాటి మన అడవుల్లోకి నడిచొచ్చారు. గిరిజన యువకులను ఎస్పీవోలుగా (ప్రత్యేక పోలీసు అధికారులుగా) పెట్టి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా చాలామంది వెనక్కి వెళ్లలేదు.

మా బడి చుట్టుపక్కల గుంపుల్లో (వీళ్ల చిన్న చిన్న ఆవాసాల్లో) చాలామందికి ఆధార్, రేషన్ కార్డులు వచ్చాయి, ఒకటి రెండు చోట్ల బోర్లు పడ్డాయి. మిర్చి కోతలకు రైతులకూ వీళ్లే దిక్కు. కానీ అటవీ సిబ్బంది వస్తున్నారంటే గుంపంతా టెన్షనే. పోడు చేలో కందకం తవ్వి పోయేవారు. అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13కి ముందు నుంచే ఆ భూమి సాగులో ఉండాలి. వీళ్లలో ఎక్కువమంది ఆ తర్వాత వచ్చినవాళ్లే. (ఆ తేదీకి ముందు పునరావాసం లేకుండా అడవి నుంచి అక్రమంగా వెళ్లగొట్టినవాళ్లకు వేరేచోట భూమి ఇవ్వొచ్చని అదే చట్టం చెబుతుంది. ఆ సెక్షన్ ఎత్తిన అధికారి నాకైతే తగల్లేదు.)

అన్నిటికంటే పెద్ద చిక్కు కులం సర్టిఫికెట్. అక్కడ ఎస్టీ, ఇక్కడికొస్తే కాదు. మా దగ్గర చదివి టెన్త్ పాసైన ఒకబ్బాయిని "మీ నాన్న ఊరికెళ్లి తెచ్చుకో" అన్నారు ఆఫీసులో. ఆ ఊళ్లో ఇప్పుడు మనుషులే లేరు. వాడు చదువు మానేసి కోతలకు పోతున్నాడు.

బ్రూ అనే గిరిజన తెగతో పోల్చి చూడండి. 1997లో మిజోరం నుంచి త్రిపురకు పారిపోయిన వాళ్ల కోసం 2020 జనవరిలో కేంద్రం 600 కోట్ల ఒప్పందం చేసింది. కుటుంబానికి ఇంటి స్థలం, 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు 5 వేలు, రేషన్. అదీ ఇరవై ఏళ్లు దాటాక. కాకపోతే బ్రూలు శిబిరాల్లో ఉన్నారు, పేర్ల జాబితా ఉంది, సంతకం పెట్టడానికి సంఘాలున్నాయి. గుత్తికోయలు పది ఇళ్లు ఇక్కడ, ఇరవై ఇళ్లు అక్కడ. ఎవరితో ఒప్పందం చేసుకుంటారు? సంఘర్షణ వల్ల ఊరు వదిలినవాళ్ల కోసం దేశంలో ప్రత్యేక చట్టమూ లేదు.

మీ దగ్గర గుంపు ఉంటే ముందు పిల్లల జనన ధ్రువపత్రాలు తీయించండి. ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తర్వు కావాలి, తిరగాల్సి వస్తుంది. కులం సర్టిఫికెట్ దానితో రాదు గానీ, ఇక్కడే పుట్టాడని చూపించే కాగితం ఒకటి చేతిలో ఉంటుంది.