టోలీచౌకీలో టోర్నమెంట్ పెట్టబోతున్న మా చిన్నోడికి

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వూ నీ స్నేహితులూ టోలీచౌకీలో ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెడుతున్నారట. అన్ని మతాల పిల్లలూ, అక్కడ చదువుకుంటున్న ఆఫ్రికా వాళ్ళూ ఆడతారట. నీకు దెబ్బలు తగులుతాయని ఆమె టెన్షన్. స్కూలు గ్రౌండ్లోనే జీవితం గడిపినదాన్ని, నా టెన్షన్ వేరు. సంతోషం కూడా ఉందనుకో. మన ఇంట్లో నా తర్వాత బంతి పట్టుకున్నవాడివి నువ్వొక్కడివే.

గ్రౌండ్‌కి పర్మిషన్ కాగితం మీద తీసుకో. పోలీస్ స్టేషన్లో లెటర్ ఇచ్చి, ముద్ర వేయించిన కాపీ జేబులో పెట్టుకో. ఐస్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, గేటు దగ్గర ఒక ఆటో ఉంచుకో. రిఫరీని డబ్బులిచ్చి బయటి నుంచి పిలిపించు. మీ గల్లీలో వాడు ఎంత మంచివాడైనా వద్దు.

ఇక అసలు సంగతి. మీ అమ్మ వాట్సాప్‌లో పంపిన టీమ్‌ల లిస్టు చూశాను. గుడి గల్లీ వాళ్ళు ఒక టీమ్, మసీదు గల్లీ వాళ్ళు ఒక టీమ్, సూడాన్ పిల్లలు ఒక టీమ్. పైన పెద్ద అక్షరాలతో ‘మనమంతా ఒక్కటే’. ఒరేయ్, బుర్ర ఎక్కడ పెట్టుకున్నావురా?

నాకు మొదట ఉద్యోగం వచ్చిన ఊళ్ళో ఇలాంటిదే ఒకటి జరిగింది. ఊరి పేరు చెప్పను, ఆ మనుషులు ఇంకా ఉన్నారు. ఒక ఊరేగింపులో గొడవైంది. గొడవ చల్లారాక శాంతి కమిటీ పెద్దలు సద్భావనా మ్యాచ్ అన్నారు. ఈ బస్తీ వాళ్ళు ఒక వైపు, ఆ బస్తీ వాళ్ళు ఒక వైపు. షామియానా వేశారు, దండలు తెచ్చారు, పావురాలు ఎగరేశారు. ఒకరికి పసుపు బనియన్లు, ఇంకొకరికి ఆకుపచ్చవి. ఆ రంగులు ఎంచిన మహానుభావుడెవరో ఇప్పటికీ తెలియదు. నన్ను స్కోరు రాయడానికి కూర్చోబెట్టారు.

కాసేపు బాగానే సాగింది. తర్వాత పెనాల్టీ ఏరియా అంచున పసుపు బనియన్ కుర్రాడు పడ్డాడు. మామూలు ఫౌలే. మామూలు రోజైతే పడేసినవాడే చెయ్యి ఇచ్చి లేపేవాడు. ఆ రోజు కూడా చెయ్యి చాచబోయాడు, నేను చూశాను. అంతలో సున్నం గీత బయట నుంచి ఒక తిట్టు వచ్చింది. వాడొక్కడిని కాదు, వాడి మతం వాళ్ళందరినీ కలిపి తిట్టిన తిట్టు. చాచిన చెయ్యి వెనక్కి పోయింది. అక్కడి నుంచి రిఫరీ విజిల్ ఊదితే అది ఫౌల్‌కి కాదు, ‘మనవాళ్ళ’ మీద. గోల్ పడితే ఊరేగింపు నాటి నినాదాలే మళ్ళీ. సెకండ్ హాఫ్ ఆడనే లేదు. నా టేబుల్ మీద సోడా సీసా వచ్చి పగిలింది. చీఫ్ గెస్ట్ అప్పటికే జీపెక్కేశాడు.

నాకు ఇప్పటికీ మండేది సీసా గురించి కాదురా. పడ్డవాడూ, పడేసినవాడూ రోజూ సాయంత్రం చెరువు కట్ట కింద ఒకే వైపు ఆడేవాళ్ళు. ఒకడు అంచు వెంబడి ఉరికి క్రాస్ వేస్తే ఇంకొకడు తల పెట్టేవాడు. వాళ్ళకి కావలసింది మంచి పాస్ ఇచ్చేవాడు, అంతే. పెద్దమనుషులు వచ్చి వాళ్ళని ఎదురెదురుగా నిలబెట్టి, నువ్వు ఫలానా, నువ్వు ఫలానా అని గుర్తుచేసి, ఇక కలిసుండండి అన్నారు. ఆ తర్వాత కట్ట కింద రెండు మూలల్లో రెండు ఆటలు మొదలయ్యాయి. బొంబాయిలో హిందువులు, ముస్లింలు, పార్సీలు, యూరోపియన్లు అంటూ టీమ్‌లు కట్టి ఏళ్ళ తరబడి క్రికెట్ ఆడించారు. 1940లో గాంధీగారే అది తప్పన్నారు. 1946 దాకా సాగి ఆగిపోయింది.

అందుకని ఆ లిస్టు చింపెయ్. అందరి పేర్లూ చీటీలు రాసి డబ్బాలో వేసి, టీమ్‌లు తియ్యి. స్నేహితులు విడిపోయామని అలుగుతారు, అలగనీ. టోర్నమెంట్‌కి ముందు కనీసం రెండు వారాలు ఆ కొత్త టీమ్‌లతోనే ప్రాక్టీస్ చేయించు. ఉపన్యాసాలు వద్దు.

మా నాన్న, అంటే మీ తాత, హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ గురించి చెప్పని రోజు ఉండేది కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నమెంట్ వాళ్ళదే. కోచ్ రహీం సాబ్ అంతకుముందు స్కూల్ టీచర్. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌కి ఆయన తీసుకెళ్ళిన ఇండియా టీమ్‌లో తంగరాజ్, జర్నైల్ సింగ్, ఫ్రాంకో, పీకే బెనర్జీ, మన అమ్ముగూడ బలరామ్, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ఫైనల్లో స్టేడియమంతా మనవాళ్ళని గేలి చేస్తుంటే దక్షిణ కొరియాని 2-1తో ఓడించారు. తలకి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ని డిఫెన్స్ నుంచి ముందుకి పంపితే గోల్ కొట్టాడు. రహీం సాబ్ వాళ్ళని ఐకమత్యం చూపించడానికి ఎంచలేదు చిన్నా, గెలవడానికి ఎంచాడు. అప్పటికే క్యాన్సర్, మరుసటి ఏడాదే పోయాడు. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి మీ తాత గొంతు పట్టేసేది.

ఆఫ్రికా పిల్లల్ని బలానికి పిలిచి, ఆట అయ్యాక మర్చిపోకు. 2024లో కేరళలో మలప్పురం జిల్లా అరీకోడ్‌లో సెవెన్స్ (వైపుకి ఏడుగురు ఆడే ఫుట్‌బాల్) మ్యాచ్‌కి వచ్చిన ఐవరీ కోస్ట్ ఆటగాడిని జనం తరిమి కొట్టారు. రంగు పేరు పెట్టి తిట్టారని అతను కంప్లైంట్ ఇచ్చాడు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే చోట జరిగింది అది! మన దగ్గర జరగదనుకోకు. నిజాం ఆఫ్రికన్ గుర్రపు దళం వారసులు మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్‌లో తరతరాలుగా ఉన్నారు, వాళ్ళనీ ‘ఎక్కడి నుంచి వచ్చావ్’ అని అడిగేవాళ్ళున్నారు. అందుకే రూల్ ముందే చెప్పు. రంగు మీదగానీ, మతం మీదగానీ, కులం మీదగానీ తిట్టు వినిపిస్తే ఆట ఆగుతుంది. రెండోసారి వినిపిస్తే అందరూ బయటికి. మూడోసారికి మ్యాచ్ రద్దు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా పద్ధతే ఇది. తిట్టు తిన్నవాడు మణికట్లు అడ్డంగా పెట్టి చూపిస్తే రిఫరీ ఆపాలి. తిట్టినవాడు మనవాడైతే ముందు నువ్వే పంపించు.

తారీఖులు చూసుకో. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఒకే రోజు, సెప్టెంబర్ 28న పడితే మిలాద్ ఊరేగింపుని పెద్దలు వాయిదా వేసుకున్నారు. అలాంటి వారంలో ఫైనల్ పెట్టకు. రంజాన్‌లో సాయంత్రం మ్యాచ్‌లు వద్దు, శుక్రవారం మధ్యాహ్నం వద్దు, ఆదివారం పొద్దున చర్చి అయ్యాకే. తిండి విషయంలో బిర్యానీ జోలికి పోకు, ఎవరు వండారు, ఏ మాంసం అని మొదలవుతుంది. అరటిపండ్లు, నిమ్మకాయ నీళ్ళు చాలు. ఒకే డ్రమ్ము, అవే గ్లాసులు, అందరికీ. ఆడపిల్లలు ఎవరైనా స్కార్ఫ్‌తో ఆడతామంటే ఆడనివ్వు, 2014 నుంచి రూల్స్ ఒప్పుకుంటున్నాయి.

నీ కుడి మోకాలు ఇంకా నొప్పి పెడుతోందని మీ అమ్మ చెప్పింది, నువ్వు నాకు చెప్పలేదు. డాక్టర్‌కి చూపించకుండా దిగావో, అందరి ముందూ చెవి పట్టుకుని లాక్కొస్తా. ఖర్చుకి కొంత పంపుతున్నా, బంతులు మంచివి కొను. ఫ్లెక్స్ ప్రింట్‌కి ఇచ్చే ముందు కొత్త లిస్టు నాకు పంపు. దాని మీద ఏ లీడర్ ఫొటో ఉన్నా నేను రాను.

మీ అత్త