రాతి గుండ్లు పగలగొట్టకండి, ఇల్లే మెట్లుగా దించండి

అన్నా, చంద్రగిరి దగ్గర మీరు ఇల్లు కట్టబోయేది వాలు స్థలం, అందులో రెండు పెద్ద గుండ్లు, ఒక కానుగ చెట్టు, మేస్త్రీ ఏమో అన్నీ తీసేసి జేసీబీతో చదును చేద్దామంటున్నాడు, అంతేగా? ఒప్పుకోవద్దు. చదును చేస్తే కింది వైపు మట్టి జారకుండా ఆపే ఎత్తైన గోడ (రిటైనింగ్ వాల్) కట్టాలి. ఖర్చు అక్కడే పెరుగుతుంది, పైగా దూరం నుంచి ఆ గోడే కనిపిస్తుంది.

దానికి బదులు ఇంటిని రెండు మట్టాలుగా విడగొట్టండి. పై మట్టంలో హాలు, వంటగది. నాలుగైదు మెట్లు దిగితే పడకగదులు. గుండ్లు వరండా పక్కకొచ్చేలా ప్లాన్ గీయించండి. కానుగ పడమర వైపు ఉంటే అదృష్టమే, మే నెల ఎండను అదే ఆపుతుంది.

అన్నిటికన్నా ముందు వాన నీటి దారి గుర్తించండి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతిలో వరదలొచ్చి ఏమైందో చూశాం కదా. ఆ దారిలో పునాది వేయొద్దు.

గోడలకు దగ్గర్లో దొరికే రాయి, ఇటుక చాలు. చంద్రగిరి రాజమహల్‌నే కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. పై గోడలకు ర్యాట్ ట్రాప్ బాండ్ అడగండి: ఇటుకలను పడుకోబెట్టకుండా పొడవాటి అంచు మీద నిలబెట్టి పేర్చి, మధ్యలో ఖాళీ వదులుతారు. ఇటుక దాదాపు 25 శాతం ఆదా, వేడీ తక్కువ. అలవాటు లేని మేస్త్రీతో మాత్రం ముందు కాంపౌండ్ గోడ కట్టించి చూడండి.

గోడలకు మట్టి రంగే ఉండనివ్వండి. వేడి తగ్గాలంటే టెర్రస్‌కు తెల్లరంగు వేసుకోవచ్చు, రోడ్డు మీంచి ఎవరికీ కనపడదు. ఇంటి ముందువైపు అద్దాల ఎలివేషన్ మాటెత్తితే ఆర్కిటెక్ట్‌ను మార్చేయండి!