మీ బాబు చూసే గేమింగ్ వీడియోల గురించి

అక్కా, పర్లాకిమిడిలో మీ పదకొండేళ్ల బాబు రోజూ బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట) పోటీల వీడియోలు చూస్తున్నాడు, మాన్పించాలా అని అడిగారు కదా. అప్పుడే మాన్పించకండి. ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ఇయర్‌ఫోన్లు తీయించి వినండి. నన్ను భయపెట్టేది తుపాకులకన్నా మాటలే. పెద్ద టోర్నమెంట్ల వ్యాఖ్యానం చాలావరకు మర్యాదగానే ఉంటుంది: జోన్ (ఆటలో సురక్షితంగా ఉండే ప్రాంతం) ఎటు జరుగుతోంది, ఏ జట్టు ఎందుకు ఆగింది అని వివరిస్తారు. సొంతంగా లైవ్ పెట్టేవాళ్లలో కొందరు మాత్రం ఓడినప్పుడల్లా హిందీలో బూతులే. మనకి ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా; ఆ తిట్లు మన చెవికి ఎక్కవు, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. పక్కన పరుగెత్తే చాట్ కూడా చదవండి.

వీడియో కింద డబ్బు పెట్టి ఆడే యాప్ లింకు కనిపిస్తే ఆ ఛానెల్ వెంటనే ఆపేయండి. 2025లో వచ్చిన కేంద్ర చట్టం అలాంటి ఆటల్నీ, వాటి ప్రకటనల్నీ నిషేధించింది.

యూట్యూబ్‌లో బాబుకి తల్లిదండ్రుల పర్యవేక్షణ ఉండే ఖాతా తెరిచి, ఏ వీడియోలు కనిపించాలో చెప్పే సెట్టింగుల్లో 'ఎక్స్‌ప్లోర్' ఎంచుకోండి. అది 9 ఏళ్లు దాటిన పిల్లలకి. మామూలు లైవ్‌లు అందులో రావు. ఇప్పుడు చూస్తున్న ఛానెళ్ల పేర్లు ఇక్కడ రాయండి, నేనూ విని చెబుతాను.